రాతకోతలు ముందా, కోడ్ ముందా?

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక యాప్‌లో రెండు పెద్ద తప్పులు జరిగాయి. ఒకటి ఏమీ రాసుకోకపోవడం వల్ల, ఇంకోటి మరీ ఎక్కువ రాసుకోవడం వల్ల. ‘ముందు స్పెక్ (ఏం చేయాలో వివరించే పత్రం) రాద్దాం’ అనేవాళ్లకీ ‘ముందు కోడ్ మొదలుపెడదాం, తర్వాత చూసుకోవచ్చు’ అనేవాళ్లకీ మధ్య ప్రతి సాఫ్ట్‌వేర్ టీములో నడిచే వాదన నాకు ఆ రెండు తప్పుల వల్లే తేటపడింది.

చిన్న వ్యాపారులు ఆర్డర్లు చూసుకునే యాప్ అది. మొబైల్ పని హైదరాబాద్‌లో మాది, సర్వర్ పని పుణేలో ఇంకో టీముది. ఫోన్లో మాట్లాడుకున్నాం. ‘ఆర్డర్‌తో పాటు తేదీ కూడా పంపిస్తారు కదా?’ ‘పంపిస్తాం.’ అంతే, రెండు వైపులా కోడ్ మొదలైపోయింది. మూడు వారాల్లో యాప్ నడిచింది, అందరం సంతోషించాం. నెలాఖరు దాటాక ఒక పాల వ్యాపారి లెక్కలు కలవలేదు. ఒకటో తారీఖు తెల్లవారుజామున వచ్చిన ఆర్డర్లు ముందు నెల చివరి రోజు కింద కనిపిస్తున్నాయి. తవ్వితే తేలింది: సర్వర్ వాళ్లు సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఉమ్మడి సమయంలో) పంపుతున్నారు, మేం అందులోంచి తేదీ ముక్క కత్తిరించుకుని చూపిస్తున్నాం. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా వచ్చిన ప్రతి ఆర్డరూ నిన్నటి ఖాతాలోకి పోయింది. పాల వ్యాపారానికి అసలు బేరం జరిగేదే ఆ వేళల్లో. వాళ్ల కోడ్‌లో తప్పు లేదు, మా కోడ్‌లోనూ చూడ్డానికి తప్పు లేదు. ‘సమయం యూటీసీలో వస్తుంది, చూపించేముందు మార్చుకోవాలి’ అన్న ఒక్క వాక్యం ఎక్కడా లేదు.

రెండో తప్పు కస్టమర్‌ని వెతికే స్క్రీన్‌లో జరిగింది. దానికి నలభై పేజీల పత్రం రాశాం. ఏ బటన్ ఎక్కడుండాలి, ఎన్ని అక్షరాలు కొట్టాక వెతకడం మొదలవ్వాలి, ఫలితాలు ఏ వరుసలో రావాలి, అన్నీ ఉన్నాయందులో. నెలన్నర పట్టింది. అందరూ ఆమోదించారు. తీరా తయారుచేసి షాపులో పెడితే, ఓనరు మొదటిరోజే దాన్ని వదిలేసి పాత నోటుబుక్కు తీశారు. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు ‘కేఎస్‌హెచ్’తో రాస్తారు, ఇంకొకరు ‘ఎక్స్’తో కానిచ్చేస్తారు. శ్రీనుకి ఒకరు ఒక ‘ఐ’ పెడతారు, ఇంకొకరు రెండు ‘ఈ’లు. మా పత్రం ప్రకారం పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పైగా ఆయనకి సగంమంది ఖాతాదారుల పేర్లే తెలియవు. ‘గుడి వెనక టీచరమ్మ’, ‘రెండో అంతస్తు మేస్త్రి’ అనే గుర్తులతోనే ఆయన లెక్క నడుస్తుంది. ఒక్క పూట కూర్చుని పిచ్చి ప్రోటోటైప్ (పైపైన పనిచేసే నమూనా) ఒకటి చేసి ఆ కౌంటర్ మీద పెట్టి ఉంటే ఇదంతా గంటలో బయటపడేది.

ఈ రెండింట్లోనూ మాకు తెలియనిది ఒకటుంది. కానీ అవి రెండు వేర్వేరు రకాల తెలియకపోవడాలు. మొదటిదాంట్లో, అవతలి టీము ఏం చేస్తోందో మాకు తెలియదు. అవతలివాళ్లకి అది తెలుసు, అడిగి రాసుకుంటే సరిపోయేది. రెండోదాంట్లో, అసలు జనం ఎలా వెతుకుతారో మా గదిలో ఎవరికీ తెలియదు. తెలియని నలుగురు కూర్చుని నలభై పేజీలు రాసినా అది తెలియదు. మనుషుల మధ్య ఉన్న సందేహాన్ని రాత తీరుస్తుంది. పని చేసేచోట ఉన్న సందేహాన్ని కోడ్ తీరుస్తుంది. మేం రాయాల్సినచోట కోడ్ రాశాం, కోడ్ రాయాల్సినచోట పత్రం రాశాం. స్పెక్ మంచిదా చెడ్డదా అన్న వాదన తెగకపోవడానికి కారణం, ఆ వాదించే ఇద్దరూ వేర్వేరు సందేహాలు మనసులో పెట్టుకుని మాట్లాడటమే అని నా నమ్మకం.

ఎవరి ఫాంటు వాళ్లది

అందరూ ఒప్పందం లేకుండా కోడ్ రాసేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మనం దాన్ని అనుభవించాం, ఇంకా అనుభవిస్తున్నాం.

మా బాబాయి కథల పుస్తకం యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణం) వాడకంలోకి రాకముందు డీటీపీలో కంపోజ్ చేయించింది. ఆ ఫైలు సీడీలో భద్రంగా దాచారు. మళ్లీ అచ్చువేద్దామని నాకిస్తే, తెరిచి చూశాను. తెలుగు ఒక్క ముక్క లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, యూరప్ భాషల్లో వాడే నెత్తిన చుక్కలున్న అక్షరాలు పేజీల కొద్దీ. ఆ రోజుల్లో తెలుగు ఫాంటు అంటే, ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు పెట్టడం. గూళ్లు మొత్తం కలిపినా 256 దాటవు. మన గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ వాటిలో పట్టవు కాబట్టి ప్రతి ఫాంటు తయారీదారూ అక్షరాన్ని ముక్కలు చేశాడు. తలకట్టు ఒక గూట్లో, కొమ్ము ఒక గూట్లో, ఒత్తు ఇంకో గూట్లో. ఎవరి కోత వాళ్లది. ఒక కంపెనీ ఫాంటులో ‘మ’ ఉన్న గూట్లో ఇంకో కంపెనీ ఫాంటులో వేరేదేదో ఉంటుంది. పత్రికల వెబ్‌సైట్లకి వెళ్తే ముందు ‘మా ఫాంటు దింపుకోండి’ అన్న లింకు కనిపించేది. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు.

ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు సాగినా, ఆ ఫాంటులు చేసినవాళ్లని నేను తప్పుపట్టలేను. రేపు పొద్దున పేపరు రావాలి, పుస్తకం అచ్చుకి వెళ్లాలి. వాళ్ల ఎదుట ఉన్న సమస్యని వాళ్లు చక్కగా తీర్చారు. తెరమీద అక్షరం ముత్యంలా వచ్చింది. కష్టం ఆ మాటలు ఆ కంప్యూటర్ దాటి బయటికి ప్రయాణించాల్సి వచ్చినప్పుడు మొదలైంది. వెతకడం కుదరదు, ఒకచోట నుంచి ఇంకోచోటికి కాపీ కుదరదు, ఫాంటు పోతే పుస్తకమే పోయినట్టు.

మరి ఒప్పందం లేదా? ఉంది. ఇక్కడే కథకి రెండో సగం. భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం అప్పటికే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ 1988 నాటి ఇస్కీ అమరికనే తీసుకుని తెలుగుకి చోటిచ్చింది. నాగరి ‘క’ సంఖ్య 0915 అయితే తెలుగు ‘క’ సంఖ్య 0సి15. వరస కూడా ఆ లెక్కనే. క్ష అనే అక్షరం లోపల క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా నిలుస్తుంది, వాటిని కలిపి బొమ్మగా చూపించే పని కంప్యూటర్‌ది. ఆలోచన ఎంత శుభ్రంగా ఉందో చూడండి. కానీ ఆ చూపించే పని చేసే కోడ్ మామూలు మనిషి ఇంటి కంప్యూటర్‌లోకి వచ్చింది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. పదేళ్లు! ఆ పదేళ్లూ యూనికోడ్ తెలుగు చాలామందికి కాగితం మీది మాట. ఆ లోపు సొంత కోతల ఫాంటుల్లో కొండంత సాహిత్యం, వార్తలు పేరుకుపోయాయి. కన్వర్టర్లు రాసి వాటిని యూనికోడ్‌లోకి తెచ్చే పని ఇవాళ్టికీ అవలేదు. మా బాబాయి పుస్తకంలో కూడా కన్వర్టర్ తర్వాత ఒత్తులన్నీ నేను చేత్తో సరిచూడాల్సి వచ్చింది.

ఇదే కాలంలో ఇంకో చిన్న ముచ్చట ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాయడానికి ఒక సాఫ్ట్‌వేర్ చేశారు. ఏ ఇంగ్లిష్ అక్షరానికి ఏ తెలుగు అక్షరమో చెప్పే చిన్న పట్టిక దానికి ఆధారం. ఆర్‌టీఎస్ అంటారు దాన్ని. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు కొద్దిమందికే గుర్తు. ఆ పట్టిక మాత్రం బతికింది. వెబ్‌లో తెలుగు టైపు చేసుకునే లేఖిని వచ్చినప్పుడు దాని అడుగున ఉన్నది ఈ పద్ధతే. వేలమంది మొదటిసారి తెలుగులో టైపు చేసింది దాంతోనే. ముందు పనిచేసే వస్తువు, దాంతోపాటే ఇంకొకరు తీసుకోగలిగేంత చిన్న ఒప్పందం. రెండూ కలిసి పుట్టాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి నిలిచింది.

ఇంటర్నెట్ ఎలా ఒప్పుకుంది

స్పెక్ వద్దు అనేవాళ్లు తరచూ ఇంటర్నెట్‌ని చూపిస్తారు. 1992లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ క్లార్క్, ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ సభలో అన్న మాట వాళ్లకి కంఠోపాఠం: రాజులు, అధ్యక్షులు, ఓటింగు మాకొద్దు, దాదాపు అందరి అంగీకారం, నడిచే కోడ్ ఉంటే చాలు. ఎదుటి పక్షాన అప్పట్లో, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చెప్పే ఓఎస్ఐ ఉండేది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పద్ధతిగా, ఏడు అంతస్తులుగా గీసిన నమూనా, 1984లో ప్రమాణంగా వెలువడింది. 1990 నుంచి అమెరికా ప్రభుత్వం కొనుగోళ్లలో దాన్ని తప్పనిసరి కూడా చేసింది. అప్పటికే అదే పని చేసే టీసీపీ/ఐపీ 1983 జనవరి 1 నుంచి, ఇంటర్నెట్‌కి ముందుతరమైన ఆర్పానెట్‌లో రోజూ నడుస్తోంది. ఏది గెలిచిందో తెలిసిందే. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ కూడా మొదట్లో రెండింటినీ నడిపి, 1990ల మధ్యకి వచ్చేసరికి దాదాపు పూర్తిగా టీసీపీ/ఐపీ మీదికి వచ్చేసింది.

దీన్నుంచి ‘రాత ఓడింది, కోడ్ గెలిచింది’ అని తేల్చేస్తే తొందరపడ్డట్టే. టీసీపీ/ఐపీ వాళ్లు రాయకుండా లేరు. స్టీవ్ క్రాకర్ మొదటి ఆర్‌ఎఫ్‌సీ (అభిప్రాయాలు కోరుతూ అందరికీ పంపే సాంకేతిక పత్రం) రాసింది 1969 ఏప్రిల్ 7న. నెట్‌వర్క్ మీద మొదటి సందేశం వెళ్లింది అదే ఏడాది అక్టోబర్ 29న. రాతే ముందు! కాకపోతే ఎలాంటి రాత? ఆయనే రాసిన మూడో ఆర్‌ఎఫ్‌సీలో నియమాలున్నాయి: నునుపు చేయడం కంటే వేళకి రావడం ముఖ్యం, జవాబు లేని ప్రశ్న ఒక్కటే ఉన్నా పంపవచ్చు, కనీస నిడివి ఒక వాక్యం. ఒక్క వాక్యం! పాల ఆర్డర్ల వ్యవహారంలో మాకు కావాల్సిందీ సరిగ్గా అంతే.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని ఇంకా ముఖ్యం. టీసీపీని వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు సొంతంగా రాసుకున్నాక, ఒకరి ప్రోగ్రామ్‌ని ఇంకొకరిదానికి తగిలించి పోటీ పెట్టేవాళ్లు. 1987లో జాన్ పోస్టెల్ ఆ పోటీ నియమాలని ఒక ఆర్‌ఎఫ్‌సీగా రాసిపెట్టారు. నీతో నువ్వు మాట్లాడుకోగలిగితే ఒక పాయింటు. ఇంకొకరితో మాట్లాడగలిగితే రెండు. స్పెక్ ఒప్పుకునే దెబ్బలతోనే అవతలివాడి ప్రోగ్రామ్‌ని పడగొడితే ఇంకా ఎక్కువ. అందులో ఉన్న తెలివి చూడండి. నా కోడ్ నాతో మాట్లాడిందంటే స్పెక్ గురించి తెలిసేది చాలా తక్కువ, ఎందుకంటే రెండు కొసల్లోనూ నా అపార్థమే ఉంటుంది. స్పెక్ చదివి ఇద్దరు అపరిచితులు వేర్వేరుగా రాసిన కోడ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడినప్పుడే ఆ స్పెక్‌లో విషయం ఉందని తెలుస్తుంది. తేడా వస్తే స్పెక్‌నే దిద్దుకోవాలి.

ఇప్పటి పెద్ద ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులు ఇదే అల్లికని పద్ధతిగా మార్చుకున్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఏదైనా పెద్ద మార్పుకి పెప్ అనే ప్రతిపాదన రాయాలి. అంగీకారానికి కోడ్ పూర్తవనక్కర్లేదు, కానీ కోడ్ పూర్తయితే తప్ప అది ఫైనల్ అనిపించుకోదు. వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్ కమిటీలో ఒక ప్రతిపాదన చివరి మెట్టు ఎక్కాలంటే, అది రెండు వేర్వేరు ఇంజన్లలో (ఆ భాషని నడిపే ప్రోగ్రాముల్లో) అమలై ఉమ్మడి టెస్టులు పాసవ్వాలి. ఆ నియమం ఎందుకో 2018లో జరిగిన ఒక సంగతి చెబుతుంది. జాబితాలో జాబితాలుంటే వాటిని చదును చేసే ‘ఫ్లాటెన్’ అనే ఫంక్షన్ ప్రతిపాదించారు. స్పెక్ సిద్ధం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ప్రయోగాత్మక వెర్షన్‌లో పెట్టగానే ఒక వెబ్‌సైటు పాడైపోయింది. మూటూల్స్ అనే పాత లైబ్రరీ (ఇతరులు తీసుకుని వాడుకునే కోడ్) అదే పేరుతో సొంత ఫంక్షన్ ఎప్పుడో పెట్టుకుంది. ఎన్ని సమావేశాలు పెట్టినా ఆ గుద్దుడు కనిపించేది కాదు. చివరికి పేరుని ‘ఫ్లాట్’గా కుదించారు.

పెప్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ‘తిరస్కరించిన ఆలోచనలు’ అనే భాగం. కోడ్ మనకి ఏం చేశామో చెబుతుంది. ఏం చేయకూడదనుకున్నామో, ఎందుకో చెప్పదు. రెండేళ్ల తర్వాత టీములోకి వచ్చినవాళ్లు ‘ఇలా ఎందుకు చేయలేదు?’ అని అదే పాత చర్చ మళ్లీ తెరుస్తారు. దేశానికి ఒకరుండి, ఖాళీ దొరికినప్పుడు పనిచేసే ఉమ్మడి ప్రాజెక్టులో ఆ భాగం ఒక్కటే టీముకి జ్ఞాపకశక్తి.

వెనక్కి తీసుకోలేనివి

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్పెక్‌ల మీద విసుగు బాహాటంగానే చెప్పారు. ‘మాటలు చవక, కోడ్ చూపించు’ అన్న ఆయన మాట 2000 నాటిది. అయితే ఆయన నడిపే లినక్స్‌ని దగ్గరగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కెర్నెల్ (కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) లోపలి ఏర్పాట్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు మారుస్తారు, స్థిరంగా ఉంచుతామన్న మాటే ఇవ్వరు. కానీ కెర్నెల్ మీద నడిచే ప్రోగ్రాములకి ఇచ్చిన హద్దు మాత్రం దాటరు. నిన్న నడిచిన ప్రోగ్రామ్ రేపూ నడవాలి. దాన్ని చెడగొట్టిన మార్పుని ఆయన ఎంత కోపంగా తిప్పికొడతారో ఆ మెయిళ్లు చదివినవాళ్లకి తెలుసు. స్పెక్ వద్దన్న మనిషే, బయటివాళ్లు ఆధారపడే హద్దు దగ్గర అందరికంటే పట్టుదలగా ఉన్నారు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. లోపల తప్పు చేస్తే రేపు దిద్దుకోవచ్చు. హద్దు దగ్గర తప్పు చేస్తే అది ఇక మన చేతిలో ఉండదు.

ఎంత ఉండదంటే, వెబ్‌లో ప్రతి బ్రౌజర్ పంపే, ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే ‘రిఫరర్’ అనే హెడర్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక ‘ఆర్’ తక్కువ. 1996 నాటి హెచ్‌టీటీపీ (వెబ్ నడిచే నియమాలు) ఆర్‌ఎఫ్‌సీలో అలాగే ఉంది, ఇవాళ్టికీ అలాగే వెళ్తోంది. యూనికోడ్‌లో ఒక నిలువు బ్రాకెట్ పేరులో ‘కె’, ‘సి’ తారుమారయ్యాయి. పేర్లు మార్చకూడదన్న నియమం ఉంది కాబట్టి అది శాశ్వతం. మన అక్షరాల్లో నకారపొల్లుకి ప్రత్యేక సంకేతం 2021లో వచ్చింది. ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోరు కాబట్టే అక్కడ ప్రతిపాదన, అచ్చు ఆధారాలు, చర్చ అన్నీ ముందు. అలాంటిచోట ‘ముందు పెట్టేద్దాం’ అనడం సాహసం అనిపించుకోదు, బాధ్యత లేకపోవడం అనిపించుకుంటుంది. అలాగే, ఎప్పుడు కావాలంటే అప్పుడు రంగు మార్చుకోగల బటన్ గురించి మూడు సమావేశాలు పెట్టడం కూడా అంతే.

రాసి పెట్టుకోవడంతో పని అయిపోయిందనుకోవడం ఇంకో ప్రమాదం. 1998 డిసెంబరులో నాసా అంగారకుడి చుట్టూ తిరగడానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ విషయంలో స్పెక్ ఉంది. నౌకని నెట్టే థ్రస్టర్ల లెక్కలు మెట్రిక్ కొలతైన న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చింది. తేడా 4.45 రెట్లు. రెండు వైపుల కోడ్‌నీ ఆ వాక్యం ఎదుట నిలబెట్టి సరిచూసినవాళ్లు లేరు. 1999 సెప్టెంబర్ 23న ఆ నౌక పోయింది.

మనకి దగ్గరగా జరిగినది 2018 ఫిబ్రవరి నాటి జ్ఞా. జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే సంకేతం, ఆపైన దీర్ఘం. యూనికోడ్ ప్రకారం ఆ వరస రాకూడనిదేం కాదు. కానీ అది మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్దిరోజుల్లో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. దిగితేగాని లోతు తెలియదంటారే, సరిగ్గా అలాంటిది.

ఇప్పుడు ఏఐ సాయంతో కోడ్ నిమిషాల్లో పుడుతోంది కాబట్టి ఈ ప్రశ్నే పోయిందనే మాట వింటున్నాను. సగం నిజం. షాపు కౌంటర్ మీద పెట్టే ప్రోటోటైప్ ఇప్పుడు ఒక పూట కూడా అక్కర్లేదు, దాన్ని చేయకపోవడానికి ఇక సాకు లేదు. కానీ ‘తేదీ పంపిస్తాం’ అన్న మాటని రెండు టీములు రెండు రకాలుగా అర్థం చేసుకుంటే, కోడ్ ఎవరు రాసినా లెక్క తప్పుతుంది. పైగా ఎందుకో రాయకుండా మూడువేల లైన్ల పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చుకోండనే విన్నపం) ఒకటి తెచ్చి పెడితే, ఆ ఉద్దేశం ఏమిటో ఊహించే పని చదివేవాళ్ల నెత్తిన పడుతుంది. ఉమ్మడి ప్రాజెక్టుల్లో అన్నిటికంటే కరువైనది రివ్యూ చేసేవాళ్ల సమయం. దాన్ని అలా ఖర్చుపెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఆ పాల ఆర్డర్ల తర్వాత మేం మా పద్ధతి మార్చుకున్నాం. రెండు టీములు కలిసేచోట ముందు ఒక పేజీ రాస్తాం. అందులో వర్ణన తక్కువ, నమూనా ఎక్కువ: నిజంగా సర్వర్ నుంచి వచ్చే జవాబు ఎలా ఉంటుందో అంకెలతో సహా. కింద, వద్దనుకున్నవి రెండు మూడు లైన్లు. టీము లోపలి వ్యవహారానికి పత్రాలు అడగం. జనం ఎలా వాడతారన్నది ప్రశ్న అయినప్పుడు, పారేయడానికే కోడ్ రాసి వాళ్ల చేతికిస్తాం.

ఆ యాప్‌లో ఒక టెస్ట్ ఉంది. ఒకటో తారీఖు ఉదయం 4 గంటల 10 నిమిషాలకి రెండు లీటర్ల పాలకి ఆర్డర్ వస్తుంది. అది ఏ తేదీ కింద పడాలో చెప్పే ఫైలు ఒక్కటే, హైదరాబాద్ రిపాజిటరీలోనూ (కోడ్ భద్రపరిచే చోటు) పుణే రిపాజిటరీలోనూ అదే. ఎవరు ఏం మార్చినా ఆ మార్పుని అసలు కోడ్‌లో కలిపే మెర్జ్‌కి ముందు రెండు చోట్లా ఆ ఆర్డర్ మళ్లీ వస్తుంది.